పింగ్ పోకపోతే ముందు ఎక్కడ చూడాలి? సీసీఎన్ఏ మొదలుపెట్టేవాళ్ల కోసం

నెట్‌వర్కింగ్‌లో మొదటి ఉద్యోగానికి వెళ్లే ఎవరికైనా ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది: "రెండు కంప్యూటర్ల మధ్య పింగ్ పోవట్లేదు, ఏం చూస్తావు?" (పింగ్ అంటే అవతలి పరికరం జవాబిస్తుందో లేదో చూసే చిన్న కమాండు.) "కేబుల్ చూస్తాను సార్, ఐపీ చూస్తాను సార్" దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ. నెట్‌వర్కు పనిని వివరించే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరల పేర్లు గడగడా అప్పజెప్పేవాళ్లు కూడా ఇక్కడ నీళ్లు నములుతారు. ఇందులో తెలివి తక్కువేమీ లేదు, నేర్చుకున్న తీరే అలాంటిది. బోర్డు మీద ఉన్న కమాండ్లు నోట్సులోకి ఎక్కించుకుంటారు, అవే ల్యాబులో కొడతారు, పచ్చ లైటు వెలగగానే తర్వాతి పాఠానికి వెళ్లిపోతారు. ఎప్పుడూ ఏదీ చెడిపోని ల్యాబులో నేర్చుకుంటే, చెడిపోయినదాన్ని వెతికే అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

కాబట్టి కోర్సు మొదలైన మొదటి రోజు నుంచే ఒక నియమం పెట్టుకోండి. ఎంటర్ నొక్కే ముందు ఏం జరగబోతోందో కాగితం మీద రాయాలి. పింగ్ వెళ్తుందా, ఆగిపోతుందా, ఆగితే ఏ పరికరం దగ్గర? రాసింది, జరిగింది ఒకటైతే ముందుకు పోండి. తేడా వస్తే ఆ రోజు పాఠం అక్కడే ఉంది, ఇంకో వీడియోకి వెళ్లకండి.

ముందు పరీక్ష సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. సీసీఎన్ఏ అంటే నెట్‌వర్కు పరికరాల కంపెనీ సిస్కో ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్. ఇప్పుడు నడుస్తున్న దాని పరీక్ష కోడ్ 200-301. 2020 ఫిబ్రవరి 24న సిస్కో పాత సీసీఎన్ఏ రకాల్లో చాలావాటిని కలిపేసి ఈ ఒక్కటిగా చేసింది. 2024 ఆగస్టులో వచ్చిన 1.1 వెర్షన్‌లో చిన్న మార్పులు చేశారు. సమయం 120 నిమిషాలు, ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. సిలబస్‌లో నెట్‌వర్క్ ఫండమెంటల్స్‌కి 20 శాతం, స్విచింగ్, వైర్‌లెస్ ఉండే నెట్‌వర్క్ యాక్సెస్‌కి 20, రౌటింగ్‌కి 25, అడ్రసులు మార్చే నాట్, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ, గడియారాలు కలిపే ఎన్‌టీపీ లాంటి సర్వీసులకి 10, సెక్యూరిటీకి 15, ఆటోమేషన్‌కి 10 శాతం వాటా ఉంది. అంటే మొదటి మూడు విభాగాలకే 65 శాతం. సగం టైము ఆటోమేషన్ వీడియోలకి పెట్టి, సబ్‌నెట్టింగ్‌ని (పెద్ద నెట్‌వర్కుని చిన్న ముక్కలుగా విడగొట్టే లెక్కని) చివరి వారానికి వదిలేయడం నష్టపు బేరం.

2020కి ముందు తీసిన వీడియోలు నెట్‌లో ఇంకా కుప్పలుగా ఉన్నాయి. వాటిలో రిప్, ఈఐజీఆర్‌పీ అనే రౌటింగ్ ప్రోటోకాల్స్ కాన్ఫిగరేషన్లు గంటల తరబడి చెబుతారు. ఇప్పటి సిలబస్ మిమ్మల్ని చేతులతో చేయమని అడిగే డైనమిక్ రౌటింగ్ (రౌటర్లే దారులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) సింగిల్ ఏరియా ఓఎస్‌పీఎఫ్ ఒక్కటే. వీడియో మొదలుపెట్టే ముందు అందులో 200-301 అని ఉందో లేదో చూసుకోండి.

సీసీఎన్ఏ బరువుగా అనిపిస్తే దానికంటే కింది మెట్లు ఉన్నాయి. సిస్కోదే సీసీఎస్‌టీ నెట్‌వర్కింగ్ పరీక్ష 50 నిమిషాలది. కాంప్‌టియా నెట్‌వర్క్ ప్లస్‌లో 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు ఉంటాయి, 900కి 720 రావాలి. నెట్‌వర్క్ ప్లస్ ఏ కంపెనీ పరికరాలకూ కట్టుబడి ఉండదు కాబట్టి కాన్సెప్టులకి మంచిది. కానీ చేతిలో ఉన్న డబ్బుతో ఒక్క పరీక్షే రాయగలిగితే, సీసీఎన్ఏకే ఇంకో రెండు నెలలు ఎక్కువ చదవమంటాను. రౌటరు ముందు కూర్చుని కమాండు కొట్టగలరా అన్నదాన్ని అది నేరుగా పరీక్షిస్తుంది.

సబ్‌నెట్టింగ్ అంటే భయపడేవాళ్లలో చాలామందికి అసలు ఇబ్బంది బైనరీ. బైనరీ ఒకసారి అర్థం చేసుకుని పక్కన పెట్టేయండి, రోజువారీ లెక్కకి ఒక్క తీసివేత చాలు. మాస్కులో (ఐపీ అడ్రసులో ఎంత భాగం నెట్‌వర్కుదో చెప్పే సంఖ్యలో) 255, 0 రెండూ కాకుండా ఉన్న అంకె ఏదో చూసి, దాన్ని 256 లోంచి తీసేయండి. వచ్చిందే అడుగు. నెట్‌వర్కులన్నీ ఆ అడుగు గుణిజాల దగ్గరే మొదలవుతాయి. ఉదాహరణకి 172.16.45.200 /20. /20 అంటే మొదటి 20 బిట్లు నెట్‌వర్కువి, మాస్కు 255.255.240.0. 256లోంచి 240 పోతే 16. మూడో భాగంలో 16 చొప్పున లెక్కపెడితే 0, 16, 32, 48. మన 45 అనేది 32కి, 48కి మధ్యన ఉంది. కాబట్టి నెట్‌వర్కు 172.16.32.0, బ్రాడ్‌కాస్టు (అందరికీ ఒకేసారి పంపే అడ్రసు) 172.16.47.255, వాడుకోదగినవి 32.1 నుంచి 47.254 వరకు. ఇది 20 సెకన్లలో వచ్చేదాకా రోజూ పది లెక్కలు చేయాలి. ఎక్కం వచ్చినవాడు గుణకారం చేసినంత తేలిగ్గా రావాలి.

ఇప్పుడు అసలైన పని. ఒక చిన్న ఆఫీసుకి 192.168.10.0 /24 ఇచ్చారు. సేల్స్‌లో 60 మెషీన్లు, అకౌంట్స్‌లో 28, అడ్మిన్‌లో 12, రెండు రౌటర్ల మధ్య లింకుకి 2 అడ్రసులు కావాలి. ఎప్పుడూ పెద్దదాని నుంచే మొదలుపెట్టాలి. 60కి /26: 64 అడ్రసుల బ్లాకు, 0 నుంచి 63. 28కి /27: 32 అడ్రసులు, 64 నుంచి 95. 12కి /28: 16 అడ్రసులు, 96 నుంచి 111. లింకుకి /30: 112 నుంచి 115, అందులో వాడేవి 113, 114. మిగతా 116 నుంచి 255 వరకు రేపటి అవసరానికి ఖాళీగా ఉంది.

చిన్నదాని నుంచి మొదలుపెడితే ఏమవుతుంది? అడ్మిన్‌కి 0 నుంచి 15 ఇచ్చేసి, సేల్స్‌ని 16 దగ్గర మొదలుపెడదాం అనుకుంటారు. కానీ /26 అనేది 0, 64, 128, 192 దగ్గర తప్ప ఇంకెక్కడా మొదలవ్వదు. 192.168.10.17కి /26 మాస్కు పెడితే అది 0 నుంచి 63 నెట్‌వర్కులోకే వస్తుంది. అడ్మిన్ బ్లాకు అందులోనే ఉంది. రౌటరు ఓవర్‌ల్యాప్స్ విత్ అని అవతలి ఇంటర్‌ఫేస్ (రౌటరు పోర్టు) పేరు చెప్పి, రెండో అడ్రసుని తిప్పికొడుతుంది. ఈ ఎర్రర్ ఒకసారి కావాలనే తెప్పించుకుని చూడండి, వరస ఎందుకు ముఖ్యమో ఇక మర్చిపోరు.

ఇంకో చోట అందరూ పప్పులో కాలేస్తారు. 30 కంప్యూటర్లకి /27 సరిపోతుందా? వాడుకోదగినవి 30 అని లెక్క సరిగ్గానే వస్తుంది, కానీ గేట్‌వేకి (బయటి నెట్‌వర్కులకి దారి ఇచ్చే రౌటరుకి) ఒక అడ్రసు కావాలి. రౌటరు ఇంటర్‌ఫేసు కూడా ఆ నెట్‌వర్కులో సభ్యుడే. 31 అడ్రసులు కావాలంటే /26కి వెళ్లాల్సిందే. పరీక్షలో "హోస్టులు" అని అడిగారా, "కంప్యూటర్లు, వాటి గేట్‌వే" అని అడిగారా అన్నది చదివి తీరాలి.

ల్యాబుకి సిస్కో నెట్‌వర్కు సిమ్యులేటరు ప్యాకెట్ ట్రేసర్ చాలు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే ఉచితం, సాధారణ ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. జీఎన్ఎస్3, ఈవ్ ఎన్‌జీ లాంటి ఎమ్యులేటర్లు తర్వాత చూసుకోవచ్చు. మొదటి రెండు నెలలు వాటిని ఇన్‌స్టాల్ చేయడంలోనే వారాలు గడిపేవాళ్లుంటారు, ఆ శ్రమ సబ్‌నెట్టింగ్ మీద పెడితే మేలు.

పైన వేసుకున్న లెక్కతోనే ల్యాబు కడదాం. ఒక 2960 స్విచ్చు, ఒక 2911 రౌటరు, రెండు పీసీలు. వీల్యాన్ అంటే ఒకే స్విచ్చులో విడదీసి పెట్టే నెట్‌వర్కు. సేల్స్ పీసీ వీల్యాన్ 10లో, అడ్రసు 192.168.10.2, మాస్కు 255.255.255.192, గేట్‌వే 192.168.10.1. అకౌంట్స్ పీసీ వీల్యాన్ 20లో, అడ్రసు 192.168.10.66, మాస్కు 255.255.255.224, గేట్‌వే 192.168.10.65. స్విచ్చులో రెండు వీల్యాన్లు సృష్టించి, పీసీల పోర్టుల్ని యాక్సెస్ మోడ్‌లో (ఒక్క వీల్యాన్‌కే) పెట్టి వాటికి కేటాయించాలి. రౌటరు వైపు పోర్టుని ట్రంక్ (చాలా వీల్యాన్లని మోసే లింకు) చేయాలి. రౌటరులో గిగాబిట్ 0/0కి నో షట్‌డౌన్ (పోర్టుని ఆన్ చేసే కమాండు) ఇచ్చి, 0/0.10, 0/0.20 అని సబ్ ఇంటర్‌ఫేసులు (ఒకే పోర్టులోని ఊహాత్మక పోర్టులు) తీసి, ఒక్కోదానిలో ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ (ట్రాఫిక్ మీద వీల్యాన్ గుర్తు వేసే పద్ధతి), వీల్యాన్ నంబరు, ఆ తర్వాత గేట్‌వే ఐపీ అడ్రసు ఇవ్వాలి. ఒకే తీగ మీద రెండు నెట్‌వర్కులు నడుస్తాయి.

ఇక్కడ జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. ఎన్‌క్యాప్సులేషన్ ఇవ్వకుండా ఐపీ ఇస్తే రౌటరు పెద్ద ఎర్రర్ ఇచ్చి ఒప్పుకోదు. సబ్ ఇంటర్‌ఫేసులో నో షట్‌డౌన్ ఇచ్చి అసలు ఇంటర్‌ఫేసుకి ఇవ్వడం మర్చిపోతే ఏదీ లేవదు, ఎందుకంటే సిస్కో రౌటరు ఇంటర్‌ఫేసులు పుట్టుకతోనే షట్‌డౌన్‌లో ఉంటాయి, స్విచ్చు పోర్టులు అలా ఉండవు. సబ్ ఇంటర్‌ఫేస్ నంబరు 10 అని, డాట్1క్యూ నంబరు పొరపాటున 100 అని పడితే ఇంటర్‌ఫేసు చక్కగా అప్ అని చూపిస్తుంది, ట్రాఫిక్ మాత్రం పోదు. చుక్క తర్వాతి నంబరు మన గుర్తు కోసమే, రౌటరు లెక్కలోకి తీసుకునేది డాట్1క్యూ పక్కన ఉన్న నంబరునే. ఇంకొకటి, 3560 స్విచ్చులో ట్రంక్ మోడ్ ఇచ్చే ముందు స్విచ్‌పోర్ట్ ట్రంక్ ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ ఇవ్వకపోతే కమాండ్ రిజెక్టెడ్ అంటుంది. 2960లో ఆ కమాండే ఉండదు. నోట్సులో ఉన్న కమాండు స్విచ్చు ఒప్పుకోలేదని కంగారుపడకుండా, మోడల్ ఏదో చూడండి.

అన్నీ పెట్టాక సేల్స్ పీసీ నుంచి అకౌంట్స్ పీసీకి పింగ్ కొట్టండి. మొదటిది రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని పోయి, మిగతా మూడింటికి జవాబు రావచ్చు. ఇది తప్పు కాదు. మొదటి ప్యాకెట్ బయల్దేరేటప్పటికి గేట్‌వే మ్యాక్ అడ్రసు (హార్డ్‌వేర్ చిరునామా) పీసీకి తెలియదు, అకౌంట్స్ పీసీ మ్యాక్ రౌటరుకి తెలియదు. ఇద్దరూ ఏఆర్‌పీతో (ఐపీని చెప్పి మ్యాక్ అడిగే పద్ధతితో) తెలుసుకోవాలి, ఆ జవాబు వచ్చేదాకా దాచకుండా రౌటరు మొదటి ప్యాకెట్‌ని పారేస్తుంది. రౌటరు నుంచి పింగ్ కొడితే చుక్క తర్వాత నాలుగు ఆశ్చర్యార్థకాలు, 80 శాతం సక్సెస్ కనిపించేది ఇందుకే. రెండోసారి కొడితే నూటికి నూరు వస్తుంది.

ఇప్పుడు ప్యాకెట్ ట్రేసర్‌లో సిమ్యులేషన్ మోడ్‌కి మారి, ఫిల్టర్‌లో ఏఆర్‌పీ, ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) తప్ప మిగతావన్నీ తీసేసి, అదే పింగ్ మళ్లీ పంపండి. కవరు బొమ్మ ప్రతి పరికరం దగ్గర ఆగినప్పుడు దాన్ని తెరిచి చూడండి. పీసీ నుంచి బయల్దేరేటప్పుడు గమ్యం ఐపీ 192.168.10.66, గమ్యం మ్యాక్ మాత్రం రౌటరుది. రౌటరు దాటాక గమ్యం ఐపీ అదే, మూలం ఐపీ కూడా అదే, మ్యాక్‌లు రెండూ మారిపోయాయి. మూలం రౌటరు మ్యాక్, గమ్యం అకౌంట్స్ పీసీ మ్యాక్. ఉత్తరం మీద చిరునామా చివరిదాకా ఒకటే, మోసే సంచి మాత్రం ప్రతి పోస్టాఫీసులో మారుతుంది. జవాబులో టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే అంకె) 127 అని ఉంటుంది, 128గా బయల్దేరింది ఒక రౌటరు దాటింది కాబట్టి ఒకటి తగ్గింది. ఈ ఒక్క దృశ్యం పూర్తిగా అర్థమైతే ఫండమెంటల్స్‌లో సగం వచ్చేసినట్టే.

ఇప్పుడు ఆ ల్యాబుని మీరే చెడగొట్టండి. సేల్స్ పీసీలో మాస్కుని 255.255.255.192 బదులు 255.255.255.0గా మార్చండి. ఊహ రాసుకున్నారా? నెట్‌వర్కు పెద్దదైంది కాబట్టి 66 కూడా తన నెట్‌వర్కులోనే ఉందని పీసీ అనుకుంటుంది. గేట్‌వేని అడగదు, నేరుగా 66 మ్యాక్ ఎవరిదని తన వీల్యాన్‌లో కేక వేస్తుంది. 66 ఉన్నది వేరే వీల్యాన్‌లో, ఆ కేక దానికి వినిపించదు. కాబట్టి పింగ్ పోకూడదు. కానీ సిస్కో రౌటర్లలో ప్రాక్సీ ఏఆర్‌పీ డీఫాల్టుగా ఆన్‌లో ఉంటుంది. "66కి దారి నాకు తెలుసు" అని రౌటరు తన మ్యాక్ ఇచ్చేస్తుంది, పింగ్ వెళ్లిపోతుంది! తప్పు అలాగే ఉంది, పని నడుస్తోంది. ఏదో ఒక రోజు ఎవరో సెక్యూరిటీ పేరుతో ఆ ఇంటర్‌ఫేసులో నో ఐపీ ప్రాక్సీ ఆర్ప్ ఇస్తారు, ఎప్పుడో పెట్టిన తప్పు మాస్కు ఆ రోజు బయటపడుతుంది. మీరు కూడా ఆ కమాండు ఇచ్చి, పీసీలో ఏఆర్‌పీ టేబుల్ చెరిపేసి, మళ్లీ పింగ్ కొట్టి చూడండి. పింగ్ వెళ్లిందంటే అంతా సవ్యంగా ఉందని అర్థం కాదు.

రెండో చెడగొట్టుడు ట్రంక్ మీద. ఆఫీసుల్లో నిజంగా కొంపలు ముంచే కమాండు ఇది. రెండు స్విచ్చుల మధ్య ట్రంక్‌లో 10, 20 వీల్యాన్లకి మాత్రమే అనుమతి ఉంది. కొత్తగా 30 కలపాలి. స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30 అని కొడతారు. స్విచ్చు ఒక్క మాట కూడా అనదు, ఎర్రర్ రాదు. ఆ క్షణం నుంచి ట్రంక్‌లో 30 ఒక్కటే మిగులుతుంది, 10, 20 రెండూ తెగిపోతాయి. కొట్టాల్సింది స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 30. యాడ్ అనే మూడక్షరాల కమాండు మాట మర్చిపోతే అంతస్తంతా ఆగిపోతుంది. ఇంకా దారుణం ఏమిటంటే, మీరు ఆ స్విచ్చులోకి దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్ చేసి ఉండి, మేనేజ్‌మెంట్ ఐపీ తెగిపోయిన వీల్యాన్‌లోనే ఉంటే, సరిదిద్దే దారి కూడా పోతుంది. అలాంటి మార్పు చేసే ముందు రీలోడ్ ఇన్ 10 అని కొట్టడం మంచి అలవాటు. పది నిమిషాల్లో మీరు రీలోడ్ క్యాన్సిల్ అనకపోతే పరికరం తనంతట తాను రీస్టార్ట్ అయి, సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌కి వెళ్లిపోతుంది. మధ్యలో సేవ్ చేయకూడదు, చేస్తే తప్పే శాశ్వతమవుతుంది. ల్యాబులో షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్‌ని మార్పుకి ముందోసారి, తర్వాతోసారి చూడటం అలవాటు చేసుకుంటే ఈ తప్పు అక్కడే దొరుకుతుంది.

మూడోది, కొత్తవాళ్లని ఊరికే కంగారుపెట్టేది. పీసీని స్విచ్చుకి కలిపాక లైటు నారింజ రంగులో ఉండిపోయి, అర నిమిషం తర్వాత పచ్చబడుతుంది. స్పానింగ్ ట్రీ (స్విచ్చుల మధ్య లూపుల్ని ఆపే ప్రోటోకాల్) లూప్ ఉందేమోనని లిజనింగ్‌లో 15 సెకన్లు, లెర్నింగ్‌లో 15 సెకన్లు ఆగుతుంది. ఈలోగా పీసీ డీహెచ్‌సీపీ కోసం అడిగి అడిగి, జవాబు రాక 169.254తో మొదలయ్యే అడ్రసు తనకి తానే ఇచ్చుకోవచ్చు. పీసీలు ఉండే పోర్టుల్లో ఈ ఆగడం లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ ఇవ్వడం అందుకే. ఇంకో స్విచ్చు కలిసే పోర్టులో మాత్రం ఇవ్వకూడదు. రూట్ బ్రిడ్జి (స్పానింగ్ ట్రీకి కేంద్రమైన స్విచ్చు) ఎవరో మీరు తేల్చకపోతే స్విచ్చులే తేల్చుకుంటాయి. ప్రయారిటీ అన్నిటికీ 32768 ప్లస్ వీల్యాన్ నంబరు, సమానం కాబట్టి తక్కువ మ్యాక్ ఉన్నది గెలుస్తుంది. తక్కువ మ్యాక్ చాలాసార్లు పాత స్విచ్చుదే అవుతుంది. అంటే స్టోర్ రూములో మిగిలిన ముసలి స్విచ్చుని తెచ్చి కలిపితే, ఆఫీసు ట్రాఫిక్ అంతా దాని మీదుగా పోయే ప్రమాదం ఉంది.

రౌటింగ్‌లో ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఒకే గమ్యానికి స్టాటిక్ రూటు (చేత్తో రాసిన దారి), ఓఎస్‌పీఎఫ్ రూటు రెండూ ఉంటే ఏది గెలుస్తుంది? "స్టాటిక్ సార్, అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ 1 కదా, ఓఎస్‌పీఎఫ్‌కి 110" అని తడుముకోకుండా చెబుతారు. మాస్కులు ఒకటైతేనే అది నిజం. స్టాటిక్‌గా 10.1.0.0 /16 రాసి ఉంది, ఓఎస్‌పీఎఫ్ ద్వారా 10.1.5.0 /24 వచ్చింది. 10.1.5.9కి వెళ్లే ప్యాకెట్ ఓఎస్‌పీఎఫ్ దారే పడుతుంది, ఎందుకంటే /24 ఇంకా కచ్చితమైనది. టేబుల్‌లో పొడవైన మాస్కు ఉన్న రూటుదే ఎప్పుడూ మొదటి మాట. డిస్టెన్స్ అన్నది ఒకే నెట్‌వర్కు, ఒకే మాస్కు రెండు చోట్ల నుంచి వచ్చినప్పుడు టేబుల్‌లోకి ఎవరు ఎక్కాలో తేల్చడానికి. రౌటింగ్ మీద అడిగే మెలిక ప్రశ్నల్లో చాలావాటికి ఇదే తాళంచెవి.

ఓఎస్‌పీఎఫ్ నైబర్ కలవకపోతే చూడాల్సినవి: రెండు వైపులా ఏరియా నంబరు, సబ్‌నెట్ మాస్కు, హలో, డెడ్ టైమర్లు (ఈథర్నెట్ మీద 10, 40 సెకన్లు), రౌటర్ ఐడీలు ఒకటే అయిపోయాయా, ఆ ఇంటర్‌ఫేసుకి పాసివ్ అని ఇచ్చేశారా. నైబర్ కనిపిస్తూ ఎక్స్‌స్టార్ట్ దగ్గరే ఇరుక్కుంటే ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) తేడా అయి ఉండవచ్చు. నెట్‌వర్క్ కమాండులో వైల్డ్‌కార్డ్ మాస్కు అంటే మాస్కుని 255.255.255.255లోంచి తీసేయగా వచ్చేదే, మన సేల్స్ /26కి 0.0.0.63.

ఐపీవీ6లో అడ్రసులన్నీ సరిగ్గా ఇచ్చి కూడా రౌటింగ్ జరగకపోతే, ఐపీవీ6 యూనికాస్ట్ రౌటింగ్ అనే గ్లోబల్ కమాండు మర్చిపోయి ఉంటారు. నాట్‌లో మొదటి పీసీకి ఇంటర్నెట్ వచ్చి రెండోదానికి రాకపోతే కమాండు చివర ఓవర్‌లోడ్ అనే మాట లేదేమో చూడండి. ట్రాఫిక్‌ని వడపోసే యాక్సెస్ లిస్టులో చివర కనిపించని డినై ఒకటి ఎప్పుడూ ఉంటుంది, డినై ఒక్క లైను రాసి పర్మిట్ రాయకపోతే అంతా ఆగిపోతుంది. ఎస్ఎస్‌హెచ్ కీ తయారు కాకపోతే హోస్ట్‌నేమ్ ఇంకా రౌటర్ అనే ఉందేమో, డొమైన్ నేమ్ ఇచ్చారో లేదో చూడండి. ఆటోమేషన్‌లో జేసన్ చదవడం, రెస్ట్ ఏపీఐ పద్ధతులు, యాన్సిబుల్, టెర్రాఫాం ఏం చేస్తాయన్న అవగాహన చాలు, కోడ్ రాయక్కర్లేదు.

నిజమైన పరికరం ఒక్కసారైనా ముట్టుకోవాలి. ప్యాకెట్ ట్రేసర్ నేర్పనిది కన్సోల్ కేబుల్. లేత నీలం రంగు చదును తీగకి ఒకవైపు ఆర్‌జే45, రెండోవైపు సీరియల్ కనెక్టరు, ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ కన్వర్టరు. టెర్మినల్‌లో 9600 బాడ్, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు వస్తే స్పీడు తేడా, ఏమీ రాకపోతే కామ్ పోర్టు నంబరు తప్పు లేదా డ్రైవర్ లేదు. కేబుల్ క్రింపింగ్ కూడా ఒక సాయంత్రం పని. 568బీ వరస తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. కొత్తవాళ్లు నీలం జత రెండూ పక్కపక్కన, ఆకుపచ్చ జత రెండూ పక్కపక్కన పెడతారు. అలా పెడితే టెస్టరులో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి, ఎందుకంటే టెస్టరు తీగ తెగిందా లేదా మాత్రమే చూస్తుంది. కానీ 3, 6 పిన్నులకి ఒకే మెలిక జత వెళ్లనందువల్ల పొడవు పెరిగేకొద్దీ ఎర్రర్లు మొదలవుతాయి. మెలికని కూడా 13 మిల్లీమీటర్లకి మించి విప్పకూడదు.

శిక్షణ ఎక్కడ తీసుకోవాలి? అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చూస్తే అందరూ ఒకేలా కనిపిస్తారు. డెమో క్లాసులో ఒకటే చూడండి: సార్ ల్యాబు చేస్తుండగా ఏదైనా పని చేయకపోతే ఏం చేస్తున్నారు? ఫైలు మూసేసి తయారుగా ఉన్నది తెరిస్తే ఆ బ్యాచ్ వద్దు. ఆగి, షో కమాండ్లు కొట్టి, అందరి ముందు తప్పు పట్టుకుంటే ఆ గురువుని వదలకండి. కాలేజీలో నెట్‌వర్కింగ్ అకాడమీ ఉంటే అదీ మంచి దారే. రోజుకి రెండు గంటలు కుదిరితే, నాలుగైదు నెలలు పెట్టుకోండి.

డంపుల (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నల) జోలికి వెళ్లవద్దు. పట్టుబడితే సిస్కో సర్టిఫికెట్ రద్దు చేస్తుంది. పట్టుబడకపోయినా ఎన్‌ఓసీలో (నెట్‌వర్కుని రాత్రింబవళ్లు కనిపెట్టుకునే కేంద్రంలో) మొదటి రాత్రి షిఫ్టులో అలారం మోగినప్పుడు డంపు సాయానికి రాదు.

తయారయ్యామనిపించాక ఒక స్నేహితుడిని పట్టుకోండి. మీరు కట్టిన ల్యాబులో మీకు చెప్పకుండా మూడు తప్పులు పెట్టమనండి: ఒకటి పీసీలో, ఒకటి స్విచ్చులో, ఒకటి రౌటరులో. షో రన్నింగ్ కాన్ఫిగ్ వాడకుండా 15 నిమిషాల్లో పట్టుకోవాలి. వరస ఇది. పీసీలో ఐపీకాన్ఫిగ్, అడ్రసు 169.254 అయితే డీహెచ్‌సీపీ దాకా చేరలేదు. గేట్‌వేకి పింగ్, పోకపోతే ముందు స్విచ్చు వైపు, అక్కడ అంతా బాగుంటే రౌటరు ఇంటర్‌ఫేసు చూడండి. స్విచ్చులో కొట్టాల్సినవి: షో వీల్యాన్ బ్రీఫ్, షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్. గేట్‌వే దాకా పోయి అవతలికి పోకపోతే రౌటరు: షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్, షో ఐపీ రూట్. డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అనే జవాబు గేట్‌వే ఐపీ నుంచి వస్తే రౌటరుకి దారి తెలియదన్నమాట. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అయితే ప్యాకెట్ వెళ్లి ఉండవచ్చు, తిరిగొచ్చే దారి లేకపోయి ఉండవచ్చు, అవతలి రౌటరు టేబుల్ కూడా చూడాలి. నిజం ఆఫీసులో ఇంకొక మెట్టు ఉంది: అవతలి విండోస్ ఫైర్‌వాలే పింగ్‌ని ఆపుతుండవచ్చు. అది పక్కనే, ఒకే నెట్‌వర్కులో ఉంటే ఏఆర్‌పీ టేబుల్ చూడండి. పింగ్‌కి జవాబు రాకపోయినా దాని మ్యాక్ కనిపిస్తోందంటే తీగా, స్విచ్చూ, వీల్యానూ బాగానే ఉన్నట్టు. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నకి ఈ వరసే చెప్పండి.

పరీక్ష బుక్ చేసేటప్పుడు పేరు జాగ్రత్త. మనలో ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక, మరోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూ సంస్థ ఖాతాలోని పేరు మీరు చూపించబోయే గుర్తింపు కార్డులోని పేరుతో కలవాలి. కలవకపోతే లోపలికి రానివ్వరు, ఫీజు కూడా పోవచ్చు. బుక్ చేయకముందే ఆ కార్డు పక్కన పెట్టుకుని ఖాతా తెరవండి.

లోపల ఒక ప్రశ్న దాటాక మళ్లీ వెనక్కి వెళ్లలేరు. ల్యాబు ప్రశ్నలు కూడా ఉంటాయి, వాటికి టైము ఎక్కువ పడుతుంది కాబట్టి సబ్‌నెట్టింగ్ వేగం అక్కడ అక్కరకొస్తుంది. కూర్చోగానే ఇచ్చిన పలక మీద 128, 64, 32, 16, 8, 4, 2, 1, కింద 128, 192, 224, 240, 248, 252, 254, 255 రాసేసుకోండి. పోతే ఐదు రోజులు ఆగి మళ్లీ రాయవచ్చు, మళ్లీ పూర్తి ఫీజు కట్టాలి. స్కోరు రిపోర్టులో విభాగాల వారీగా శాతాలు ఉంటాయి, ఏది తక్కువగా ఉంటే ఆ విభాగం ల్యాబు మళ్లీ మొదటి నుంచి కట్టి, మళ్లీ చెడగొట్టండి.